తొందరపడి వచ్చిన సీతాకోకచిలుక

బొగ్గుగనుల పట్టణమైన బెల్లంపల్లి చలికి పేరుపడిన ఆదిలాబాదు సీమలోనిది. ఏ యేటనైనను అక్కడ పుష్యమాసము వెచ్చగా గడచినచో, నిమ్మచెట్ల చుట్టును సీతాకోకచిలుకలు ఈసారి ముందుగానే వచ్చినవని చూచినవారికి తోచవచ్చును. వెచ్చదనమునకు అవి నిజముగా త్వరపడునా? త్వరపడినవని ఎట్లు తెలియును? ఈ రెండు ప్రశ్నల చరిత్రయు ఐరోపాలో 1736వ సంవత్సరమున కలిసినది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియోమ్యూర్ ప్యూపా యనబడు కోశస్థ దశలోనున్న కీటకములను కొన్నింటిని వెచ్చని గాజుగృహమునందును, కొన్నింటిని చల్లని నేలమాళిగయందును ఉంచెను. వెచ్చదనముననున్నవి శీతకాలముననే సీతాకోకచిలుకలై వెలువడెను. చలియందున్నవి తమ కాలము దాటినను కోశము వీడలేదు. ఈ ఫలితములను ఆయన 1736లో ప్రకటించెను. కోశమునకు మనవలె స్థిరమైన దేహోష్ణము లేదు. పరిసరములు వేడెక్కిన కొలది దానిలోని రసాయనిక క్రియలు వేగిరపడును.

ఆ యేడే ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతమున రాబర్టు మార్షమ్ అను భూస్వామి వసంతచిహ్నముల తేదీలను వ్రాయనారంభించెను. ఏ చెట్టు ఎన్నడు చిగిర్చినది, ఏ పక్షి ఎన్నడు కూసినది, పసుపుపచ్చ సీతాకోకచిలుక ఎన్నడు కనిపించినది గుర్తించుచుండెను. 1797లో ఆయన మరణించిన పిదప, నడుమ కొన్ని ఏండ్లు ఆగినను, ఆయన వంశీయులు 1958 వరకు ఆ పని సాగించిరి.

ఇన్ని ఏండ్ల లెక్క ఏల? ఐరోపాలోని బ్రిమ్‌స్టోన్ అను పసుపుపచ్చ సీతాకోకచిలుక రెక్కలు వచ్చిన పిదపనే ఆకుల చాటున చలికాలము గడపును. ఎండ కాచిన నాడు లేచి ఎగురును. అది క్రొత్తగా పుట్టినది కాదు. కావున ఒక్కదానిని చూచి ఋతువు మారినదనరాదు. బ్రిటనులో 1976 నుండి ప్రతి యేటను క్రమముగా సీతాకోకచిలుకలను లెక్కించుచున్నారు. ఆ లెక్కలను పరిశీలించి, ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెంటిగ్రేడు పెరిగినచో పలుజాతులు 2 నుండి 10 దినములు ముందుగా కనిపించునని రాయ్, స్పార్క్స్ అను పరిశోధకులు 2000లో అంచనా వేసిరి.

ఆ సంఖ్య బెల్లంపల్లికి చెల్లదు. మనదేశమున వెచ్చదనముతోపాటు వానయు, గొంగళిపురుగులు తిను లేత ఆకులును సీతాకోకచిలుకల రాకను నిర్ణయించును. మన లెక్క మనయూరిలోనే పుట్టవలెను. అందుకు పాఠశాల ఆవరణలో ఒక నిమ్మచెట్టు, ఒక ఉష్ణమాపకము, ఒక నోటుపుస్తకము చాలును. ప్రతిదినము ఒకే వేళకు చూడవలెను. కనిపించిన నాడే గాక కనిపించని నాడును వ్రాయవలెను. ఒక తరగతి విడిచిన పుస్తకమును తరువాతి తరగతి అందుకొనినచో, సీతాకోకచిలుక నిజముగా ముందు వచ్చినదో లేదో ఒకనాడు ఆ పుటలే చెప్పగలవు.