పట్టిన చేపని వదిలేస్తే బతుకుతుందా? బ్యాస్ వేట వెనక 140 ఏళ్ల కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడుతున్నాను. తప్పు నాదే.

ఉద్యోగం మానేయకముందు ఆఫీసు పని మీద కొన్ని నెలలు డల్లాస్‌లో ఉన్నాను. అక్కడ మా కాలేజీ సీనియర్ అన్న ఒకడు ఉండేవాడు. జులైలో ఒక శనివారం ఫోన్ చేసి, "తమ్ముడూ, బ్యాస్ పట్టుకుందాం రారా" అన్నాడు. నాకు 'బాస్' అని వినపడింది. "శనివారం కూడా బాసేంటన్నా?" అన్నాను. అన్న పగలబడి నవ్వాడు.

బ్యాస్ అంటే చేప. పూర్తి పేరు లార్జ్‌మౌత్ బ్యాస్, అంటే పెద్దనోటి బ్యాస్. మనకి కొరమీను ఎలాగో అమెరికాలో అది అలాగ అనుకోండి. నాచులో నక్కి ఉంటుంది, ఎర కదిలితే ఒక్క ఉదుటున మింగుతుంది. గుడ్లకి, పిల్లలకి కాపలా కూడా కాస్తుంది. కాకపోతే బ్యాస్‌లో ఆ కాపలా డ్యూటీ మగ చేపది.

అన్న నా చేతికి సన్న కర్ర, 6 పౌండ్ల దారం ఇచ్చాడు. దీన్నే లైట్ ట్యాకిల్ అంటారు. 6 పౌండ్లు అంటే దాదాపు 2.7 కిలోల బరువు లాగితే తెగిపోయే దారం. గంటన్నర తర్వాత చేప పడింది. దారం తెగుతుందేమోనని భయం, అందుకే చాలాసేపు ఆడించాను. పైకి తీశాక సెల్ఫీ, ఇంకో సెల్ఫీ, తర్వాత వీడియో. ఆ తర్వాత గొప్పగా నీళ్లలో వదిలేశాను. నేనేదో జీవకారుణ్యం చేసినట్టు ఫీలింగ్!

పది నిమిషాల తర్వాత అదే చేప కొంచెం దూరంలో తెల్లటి పొట్ట పైకి తిరిగి తేలింది.

రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో చెప్పాను. మాది గోదావరి జిల్లా, చేపంటే మా ఇంట్లో కూరే. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాటంది: "అటు కూరకీ కాకుండా, ఇటు నీళ్లకీ కాకుండా చేశావు కదరా."

ఆ మాట నన్ను వదల్లేదు. అసలు పట్టిన చేపని వదిలేయాలనే ఆలోచన ఎవరిది? ఎందుకొచ్చింది? నిజంగా పనిచేస్తుందా? ఈరోజు కథ ఇదే.

1881కి వెళ్దాం. జేమ్స్ హెన్షల్ అని ఒక డాక్టర్. అప్పట్లో అమెరికాలో గొప్ప చేపలంటే ట్రౌట్, సాల్మన్. బ్యాస్‌ని పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు. ఈయన బ్యాస్ మీద ఒక పెద్ద పుస్తకం రాసి, సైజుకి సైజు చూస్తే దీనంత గట్టిగా పోరాడే చేప ఇంకోటి లేదని వాదించాడు. ఇంకో మాట కూడా అన్నాడు: బరువైన పొడుగాటి కర్రలు పక్కన పెట్టండి, బ్యాస్‌కి తేలికపాటి కర్ర చాలు. మనిషి బలం తగ్గితేనే చేపకి ఒక ఛాన్స్ ఉంటుంది, అదే ఆట. లైట్ ట్యాకిల్ అనే సరదాకి బీజం అక్కడ పడింది. కానీ గమనించండి, అప్పటికి చేపని వదిలేయడం పెద్ద సంగతి కాదు. ఆడేది ఆటే, చివరికి వెళ్లేది పళ్లెంలోకే.

ఇప్పుడు 1932. జార్జియా రాష్ట్రం. అమెరికా అంతా ఆర్థిక మాంద్యంలో ఉంది. జార్జ్ పెర్రీ అనే 20 ఏళ్ల రైతు కుర్రాడు జూన్ 2న మాంట్‌గొమరీ లేక్ అనే చోట గాలం వేశాడు. పేరుకి లేక్ గానీ, ఓక్మల్గీ నది దారి మార్చుకున్నప్పుడు మిగిలిపోయిన మడుగు అది. పడిన బ్యాస్ బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు. అంటే 10 కిలోల పైమాటే! హెలీనా అనే ఊళ్లో పోస్టాఫీసు తక్కెడ మీద తూచారు. ఫీల్డ్ అండ్ స్ట్రీమ్ పత్రిక పోటీకి వివరాలు పంపితే 75 డాలర్ల విలువైన సామాను బహుమతిగా వచ్చింది.

మరి చేప ఏమైంది? ఇంటికి తీసుకెళ్లారు, వండుకుని తిన్నారు. అంతే.

తప్పా? నాకైతే తప్పనిపించదు. ఇంట్లో తినే నోళ్లున్నాయి, చేతిలో 10 కిలోల చేప ఉంది. మా అమ్మ ఆ చోట ఉంటే పులుసుకి చింతపండు నానబెట్టేది.

వదిలేయడం గురించి గట్టిగా వినిపించిన మాట 1939లో వచ్చింది. లీ వుల్ఫ్ అనే వేటగాడు తన పుస్తకంలో రాసిన విషయం సింపుల్‌గా చెప్పాలంటే ఇది: మంచి వేట చేప చాలా విలువైనది, దాన్ని ఒక్కసారి మాత్రమే పట్టి ముగించేస్తే ఎలా? అంటే నువ్వు వదిలిన చేప ఇంకొకడికి నువ్విచ్చే కానుక. ఈ వుల్ఫ్ కూడా లైట్ ట్యాకిల్ మనిషే. ఆరడుగుల చిన్న కర్రతో పెద్ద పెద్ద సాల్మన్ చేపల్ని పట్టేవాడు. కానీ ఆయన లోకం ట్రౌట్, సాల్మన్‌లది. బ్యాస్ పట్టే మామూలు జనం దాకా ఆ మాట రావడానికి ఇంకో 30 ఏళ్లు పట్టింది.

తెచ్చినవాడు ఒక ఇన్సూరెన్స్ సేల్స్‌మన్. అవును, నిజంగానే! పేరు రే స్కాట్, అలబామా మనిషి. 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో బ్యాస్ పోటీ పెట్టాడు. ఎంట్రీ ఫీజు 100 డాలర్లు, వచ్చినవాళ్లు 106 మంది. మరుసటి ఏడాదే బి.ఎ.ఎస్.ఎస్. అనే సంస్థ పెట్టాడు. 1971లో మొదటి బ్యాస్‌మాస్టర్ క్లాసిక్‌లో గెలిచినవాడికి 10,000 డాలర్లు ఇచ్చాడు.

అయితే పోటీలు పెరిగేకొద్దీ ఒక సమస్య మొదలైంది. తూకం దగ్గర చచ్చిన చేపల దండలు వేలాడుతున్నాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఒళ్లు మండింది. పోటీ పేరుతో వచ్చి మా చెరువు ఊడ్చేసి పోతున్నారని గొడవ.

1972లో స్కాట్ రూల్ మార్చాడు: పట్టిన చేపని చంపొద్దు. ఊరికే నీతులు చెబితే ఎవడూ వినడని ఆయనకి తెలుసు, ఎంతైనా సేల్స్‌మన్ కదా. అందుకే చేపని ప్రాణాలతో తూకానికి తెస్తే బోనస్ పెట్టాడు. దాంతో పడవలో నీళ్ల తొట్టి, అందులో గాలి కలిపే ఏర్పాటు తప్పనిసరయ్యాయి. పోటీదారులు చేస్తే టీవీలో, పత్రికల్లో చూసినవాళ్లు చేశారు. వాళ్లని చూసి పిల్లలు చేశారు. నాలాంటి కోడింగ్ బ్యాచ్‌కి ఇది బాగా అర్థమవుతుంది. యూజర్‌ని తిడితే ప్రవర్తన మారదు, సిస్టమ్‌లో మంచి పని చేసేవాడికి లాభం కనపడాలి.

ఇక్కడే ఒక నిజం ఒప్పుకోవాలి. బ్యాస్‌ని వదిలేయడం జాలితో పుట్టిన అలవాటు కాదు. చెరువులు ఖాళీ అయితే ఆట ఆగిపోతుంది, వ్యాపారం ఆగిపోతుంది. ఆ లెక్కలోంచి పుట్టింది. లెక్కలోంచి పుట్టినా మంచి పని మంచి పనేనా? నా వరకు అవును. కానీ చేప బతికితేనే.

1986 నవంబర్‌కి వద్దాం. టెక్సస్‌లో లేక్ ఫోర్క్. మా డల్లాస్ నుంచి రెండు గంటల లోపు డ్రైవ్. అక్కడ 17.67 పౌండ్ల బ్యాస్ ఒకటి పడింది, అంటే 8 కిలోలు. చంపలేదు. దానికి ఎథెల్ అని పేరు పెట్టారు. అప్పుడే టెక్సస్ ప్రభుత్వం ఒక పథకం మొదలుపెట్టింది, దాని పేరు షేర్‌లంకర్. 13 పౌండ్లు దాటిన బ్యాస్ పడితే మాకు అప్పుగా ఇవ్వండి, గుడ్లు పెట్టించి పిల్లల్ని చెరువుల్లో వదులుతాం అన్నారు. ఆ పథకంలో మొదటి చేప ఎథెల్.

ఎందుకంత ముఖ్యం? ఎందుకంటే ఈ సైజు బ్యాస్ దాదాపు ఎప్పుడూ ఆడ చేపే. మగవి అంత పెరగవు. గోడకి తగిలించుకునే ట్రోఫీ అనుకున్నది నిజానికి గుడ్ల మూట. పెద్ద తల్లి చేపని చంపితే పోయేది ఒక్క చేప కాదు, దాని రక్తంలో ఉన్న ఆ ఎదుగుదల కూడా.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. లైట్ ట్యాకిల్‌లో ఒక తిరకాసు ఉంది. అంతర్జాతీయ వేట సంస్థ ఐ.జి.ఎఫ్.ఎ. దారం బలాన్ని బట్టి కూడా వేర్వేరు రికార్డులు ఇస్తుంది. దారం ఎంత సన్నం, చేప ఎంత పెద్దది, అంత గొప్ప. కానీ దారం సన్నగా ఉంటే చేపని గట్టిగా లాగలేం, పోరాటం సాగుతూనే ఉంటుంది. ఆగకుండా పరిగెత్తితే మన కండరాలకి ఏమవుతుందో చేపకీ అదే. ఒంట్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుంటుంది. కోలుకోవడానికి ఆక్సిజన్ కావాలి. ఎండాకాలం వేడి నీళ్లలో అదే తక్కువ. ఆ స్థితిలో పైకి తీసి సెల్ఫీ దిగడమంటే, పరుగు పందెం ముగించినవాడి ముక్కు, నోరు మూసి "నవ్వు బాబూ" అనడమే.

జులై నెల. సన్న దారం. సాగదీసిన పోరాటం. రెండు ఫోటోలు, ఒక వీడియో. నేను అన్నీ చేశాను!

తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, పెద్ద చేపలుండే చోట మరీ సన్న దారం వాడరు. పట్టుకునే ముందు చేతులు తడుపుకుంటారు, లేదంటే చేప ఒంటి మీద జిగురు పొర పోతుంది, రోగాల నుంచి దాన్ని కాపాడేది ఆ పొరే. బరువైన చేపని దవడతో నిలువుగా వేలాడదీయరు, రెండో చేత్తో పొట్ట కింద ఆసరా ఇస్తారు. కెమెరా ముందే రెడీ, ఫోటో ఒక్కటి. అది తనంతట తాను ఈదుకుంటూ వెళ్లేదాకా చెయ్యి తీయరు.

ఇప్పుడు ఈ కథలో నాకు బాగా ఇష్టమైన చేప, డాటీ. కాలిఫోర్నియాలో ఎస్కాండిడో పక్కన డిక్సన్ లేక్ అనే చిన్న చెరువు ఉంది. వేటగాళ్ల కోసం అందులో ట్రౌట్ చేపల్ని వదులుతారు. వాటిని తిని బ్యాస్ బలిసిపోతాయి. ముగ్గురు స్నేహితులు ఏళ్ల తరబడి అక్కడే తిరిగేవాళ్లు. 2003లో వాళ్లలో జెడ్ డికర్సన్ 21 పౌండ్ల 11 ఔన్సుల బ్యాస్ పట్టి వదిలేశాడు. మొప్ప కింద ఒక నల్లటి చుక్క, అదే దాని గుర్తు.

2006 మార్చి 20. స్నేహితుడు మాక్ వీక్లీ గాలానికి ఒక మహా బ్యాస్ తగిలింది. తూస్తే 25 పౌండ్ల 1 ఔన్సు. 11 కిలోలు దాటింది! పెర్రీ 1932 రికార్డు పోయినట్టే. ఆ రికార్డుకి మిలియన్ డాలర్లు వస్తాయని జనం చెప్పుకునే రోజులవి. మొప్ప కింద చూస్తే అదే నల్ల చుక్క.

కానీ గాలం నోట్లో లేదు, ఒంటికి గుచ్చుకుంది. అంటే చేప ఎర తినలేదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం అలా పట్టిన చేపని వెంటనే వదిలేయాలి. ఫోటోలు తీశారు, వదిలేశారు. ఆ తర్వాత రికార్డుకి అప్లై చేయకూడదని వీక్లీ నిర్ణయించుకున్నాడు.

2008 మేలో అదే చుక్క ఉన్న చేప డిక్సన్ లేక్‌లో చచ్చి తేలింది. అప్పటికి బరువు 19 పౌండ్లు. ఒకసారి ఆలోచించండి. 2003లో వదలకపోతే 2006లో ఆ చేపే లేదు. 2006లో వదిలాక ఇంకో రెండేళ్లు బతికింది. వదిలేయడం పనిచేస్తుంది అనడానికి ఇంతకంటే ఏం చెప్పను?

అయితే ఆగండి, ఇంకో మలుపుంది. ఎక్కడైనా వదిలేయడమే మంచిదా? జపాన్ వెళ్దాం.

2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా 22 పౌండ్ల 4.97 ఔన్సుల బ్యాస్ పట్టాడు. పెర్రీ కంటే దాదాపు ఒక ఔన్సు ఎక్కువ. కానీ కొత్త రికార్డు కావాలంటే కనీసం 2 ఔన్సుల తేడా ఉండాలని ఐ.జి.ఎఫ్.ఎ. రూల్. అందుకే టై అన్నారు. పోస్టాఫీసు తక్కెడ మీద తూచిన ఆ 1932 చేప పేరు ఇప్పటికీ పుస్తకంలో ఉంది.

విషయం ఏంటంటే, బివాలో బ్యాస్‌ని పట్టి మళ్లీ నీళ్లలో వదిలితే అది నిబంధనకి విరుద్ధం. 2003 నుంచి షిగా రాష్ట్రంలో ఆ రూల్ ఉంది. ఎందుకు? బ్యాస్ జపాన్ చేప కాదు. 1925లో అమెరికా నుంచి తెచ్చి మొదట ఆషి సరస్సులో వదిలారు. తర్వాత దేశమంతా పాకింది, స్థానిక చేపల్ని మింగేస్తోంది. నిగోరోబునా అని ఒక చేప ఉంది, దానితో ఫునాజుషి అని పులియబెట్టిన సుషి చేస్తారు. మనకి గోదావరి పులస ఎంత గొప్పో అక్కడ అది అంత. దాన్ని కాపాడుకోవాలంటే బ్యాస్‌ని వదలకూడదు. పట్టినవి వేయడానికి ఒడ్డున పెట్టెలు కూడా పెట్టారు.

అదే చేప, అదే గాలం. డిక్సన్ లేక్‌లో వదిలేయడం ధర్మం, బివాలో వదిలేయడం తప్పు. పెర్రీ ఇంట్లో వండుకోవడం అవసరం. ఏది సరైనదో చెప్పాలంటే ముందు ఆ నీళ్ల గురించి తెలియాలి.

ఈ మధ్య ఇదంతా అమ్మకి చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. "మన దగ్గర సముద్రంలో వేట ఆపరా ఏంటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా? గుడ్లు పెట్టే కాలంలో వదిలేస్తేనే తర్వాత తినేది" అంది. నేను 140 ఏళ్ల చరిత్ర తిరిగొచ్చి చెప్పిన మాట ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ చెప్పేసింది.

ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. ఎక్కడా పెట్టలేదు, పెట్టను కూడా. డిలీట్ మాత్రం చేయలేదు. అందులో నేను నవ్వుతూనే ఉంటాను, చేప నోరు తెరిచి మూస్తూ ఉంటుంది. టైమర్ చూస్తే 48 సెకన్లు.

మీ ఊళ్లో చేపలు పట్టే తాతలు, మావయ్యలు ఏ చేపని వదిలేసేవారో, ఎందుకో అడిగి కామెంట్స్‌లో రాయండి. అన్నీ చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.