లైపోప్రోటీన్ల విభజన

కొవ్వు నీటిలో కరగదు కాబట్టి రక్తంలో అది ప్రొటీన్ల తొడుగులో ప్రయాణిస్తుంది. ఈ కొవ్వు, ప్రొటీన్ కణాలే లైపోప్రోటీన్లు. గుండెజబ్బు ముప్పు తేల్చడానికి వీటిని ప్రయోగశాలలో వేరుచేసి కొలుస్తారు.

కొవ్వు వాటా ఎక్కువైతే కణం తేలిక. అతివేగంగా తిప్పి వేరుచేసే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ యంత్రానికి ఆధారం ఇదే: మిల్లీలీటరుకు 1.006 గ్రాములలోపు సాంద్రత గల అతి తేలిక రకం వీఎల్‌డీఎల్ సీరంలో పైకి తేలుతుంది, 1.019-1.063 మధ్యది ఎల్‌డీఎల్, ఆపై 1.21 వరకు హెచ్‌డీఎల్. అమెరికాలో జాన్ గాఫ్‌మన్ ఈ పద్ధతితోనే 1950లో గుండెజబ్బుకూ ఈ కణాలకూ ఉన్న ముడిని చూపాడు. యంత్రం ఖరీదైనది, గంటల పని, పరిశోధనశాలలకే తగింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో చేయించే లిపిడ్ ప్రొఫైల్‌కు అంత హంగు అక్కర్లేదు. పాత పద్ధతిలో ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం, మెగ్నీషియం కలిపితే వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్ అడుగున పేరుకుంటాయి; పైతేటలో హెచ్‌డీఎల్ మిగులుతుంది. ఇప్పటి యంత్రాలు దాన్ని నేరుగానే కొలుస్తాయి. ఎల్‌డీఎల్‌ను మాత్రం చాలాచోట్ల లెక్కకడతారు: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తారు. ఇది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటితే పనికిరాదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండటం మనవాళ్లలో మామూలే కనుక ఈ హద్దు ఇక్కడ చిన్న విషయం కాదు.

గుండెజబ్బు ముప్పు పట్టణాలదే అనుకోవడం పొరపాటు. గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో 2003-04లో మరణ కారణాలను ఆరా తీస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే.