చేతులెత్తి మొక్కడం, చేతులు జోడించి మొక్కడం

మేము చదివింది తమిళ మీడియం. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల బాగేపల్లిలో మనకు బాగా తెలిసిన క్రైస్తవ కుటుంబంలో పెద్దాయన పోయినారు. సంఘం తరఫున కొందరం వెళ్ళినాము. ప్రార్థన చేసేటప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళు రెండు చేతులూ పైకి చాచి నిలబడినారు. మనవాళ్ళలో ఒకరు "ఇదేం కొత్త నాటకం" అని నవ్వినారు. మేమూ నోరు మెదపలేదు. అది మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ రాత.

అది కొత్తది కాదు. రోమ్ నగరంలో నేల కింద తవ్విన ప్రిస్కిల్లా సమాధుల్లో ఒక బొమ్మ ఉంది. తలమీద ముసుగు వేసుకున్న స్త్రీ, చేతులు రెండూ చాచి, కళ్ళు పైకెత్తి నిలబడి ఉంటుంది. 3వ శతాబ్దం నాటిది. ఈ భంగిమను లాటిన్ మాటతో ఓరన్స్ అంటారు, అంటే ప్రార్థించే మనిషి. క్రైస్తవులకంటే ముందే రోమన్ నాణేల మీద భక్తికి దేవత అయిన పియెటాస్ ఇట్లే చేతులెత్తి కనబడుతుంది. ఉన్న అలవాటునే క్రైస్తవులు తీసుకుని కొత్త అర్థం ఇచ్చినారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజ్‌వాసి టెర్టులియన్, చేతులు చాచడంలో శిలువ మీది క్రీస్తును చూసినారు.

ఆ సమాధుల్లో ఇట్లా చేతులు చాచినట్టు ఎవరిని గీసినారో చూడండి. ఓడలో నోవహు, సింహాల మధ్య దానియేలు, అగ్నిగుండంలో ముగ్గురు యువకులు. అందరూ గండం గడిచినవాళ్ళే. అంటే చావు ఇంట్లో ఆ చేతులు అడుక్కోవడం కాదు, మావాడు క్షేమంగా చేరినాడనే నమ్మకం.

చేతులు జోడించడం ఐరోపా చర్చిల్లో మధ్యయుగాల్లో బాగా వ్యాపించింది. సామంతుడు జోడించిన చేతులను దొర చేతుల్లో పెట్టే ఆచారం నుంచి వచ్చిందని చాలామంది పండితుల మాట. మన దగ్గర అమరావతి స్తూపం చెక్కడాల్లోనే భక్తులు చేతులు జోడించి ఉన్నారు. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహమూ అంతే.

రైల్వేలో ఎర్ర జెండా లేనప్పుడు రెండు చేతులూ తలపైకెత్తితే బండి ఆగాలని అర్థం. తెలియనివాడికి అదీ నాటకమే. సైగ అర్థం తెలియకపోతే అడగాల, నవ్వకూడదు.

వచ్చే ఆదివారం ఆ ఇంటికి మళ్ళీ పోతున్నాము. ఆ నవ్వినాయన కూడా వస్తే మాకు సంతోషం.