గాలి, ఆత్మ: ఒక పదచరిత్ర

బొంతపల్లి పరిసర గ్రామములలో 'గాలి' అను మాట మూడు అర్థములలో వినబడును. వీచునది గాలి. మనిషికి సోకునదియు గాలియే, అనగా దయ్యము. మూడవది పరిశ్రమలు వచ్చిన తరువాత చేరినది: రాత్రివేళ కిటికీలు మూయించు రసాయనపు వాసనను గూడ జనులు గాలి అనియే అందురు.

రెండవ అర్థము మన ప్రాంతమునకే పరిమితము కాదు. కన్నడ 'గాళి'కిని, తమిళ వాడుకలోని 'కాత్తు'కును దుష్టశక్తి అను భావము కలదు. పాత నిబంధనలో సుమారు 380 సార్లు వచ్చు హెబ్రీ 'రూఅహ్', క్రొత్త నిబంధనలోని గ్రీకు 'న్యూమా' కూడ గాలిని, ఊపిరిని, ఆత్మను ఒకే మాటలో చెప్పును. ఆ లెక్కన మన 'గాలి' వాటికి దగ్గర బంధువే. అయితే చెడ్డపేరు మోసికొని వచ్చిన బంధువు. 'పరిశుద్ధ గాలి' అని ఏ అనువాదకుడు వ్రాయగలడు? వినువాడు వేపమండలు తెచ్చును!

1805లో విశాఖపట్నము చేరిన లండన్ మిషనరీ సంఘపు డెగ్రాంజెస్ దొర ఆనందరాయరు సహాయముతో అనువాదము ప్రారంభించెను. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయినవి. సంపూర్ణ బైబిలు 1854లో వెలువడినది. నేడు మనము చదువు యోహాను 3:8లో వీచునది గాలి, జన్మింపజేయునది ఆత్మ. గ్రీకున రెండును న్యూమాయే. లాటినున జెరోము 'స్పిరితుస్' అను ఒకే మాటను రెండు చోట్లను నిలిపెను. తెలుగు నీకొదేమునకు ఆ ముడి కనబడదు. పైగా 'ఆత్మ' అనగానే మన శ్రోతకు దేహములోని జీవుడు తోచును గాని పైనుండి వీచు దేవుని శక్తి తోచదు. అనువాదకుల నిర్ణయము సరియైనదే. పోయిన అర్థమును ప్రసంగవేదిక మీద మనము తిరిగి చెప్పవలసియున్నది.

మూడవ గాలి మాట వేరు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతమును దేశములోని 43 అతి తీవ్ర కలుషిత ప్రాంతములలో చేర్చినది. "గాలి సోకింది, ప్రార్థన చేయండి అయ్యగారూ" అని తల్లి బిడ్డను తెచ్చినప్పుడు ఏ గాలి యని మనము విచారింపవలెను. ప్రార్థన మానవలసిన పని లేదు. ఆయాసము ఎప్పుడు మొదలైనది, ఆ రాత్రి వాసన వచ్చినదా, వైద్యునికి చూపించిరా అని అడిగి, చూపించనియెడల ఆసుపత్రికి వెంట వెళ్లుట మన పరిచర్యలోనిదే.