బండికీ ఉంది సర్వీసు రిజిస్టరు

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వారు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించారు. ఆ కాలంలో హైదరాబాదులో తిరిగిన ఆల్బియన్ బస్సులు స్కాట్లండులో తయారైనవి. విడిభాగాలు ఓడ మీద రావాలి గనుక ఉన్న బండిని కాపాడుకోవడమే దారి.

1951లో ఆ శాఖ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. మన కుషాయిగూడ వంటి డిపోలలో బస్సుకు రోజువారీ తనిఖీ, వారపు తనిఖీ, ఆపైన తిరిగిన కిలోమీటర్లను బట్టి పెద్ద తనిఖీలు ఉంటాయి. చెడిపోక ముందే చూడడం, చూసినదంతా రికార్డుకెక్కించడం ఈ పద్ధతి.

ఇది మన ఇళ్ళకూ అవసరమే. కాప్రా, నాచారం ప్రాంతాల్లో గ్రాట్యుటీ సొమ్ము కొడుకు లారీకి పెట్టిన వారున్నారు. కొత్త లారీ వారంటీకి షరతులుంటాయి. చెప్పిన కిలోమీటర్లు, నెలలు - ఏది ముందైతే అప్పుడు సర్వీసు చేయించాలి. పుస్తకంలో తేదీ, మీటరు రీడింగు, ముద్ర పడాలి. ఆయిలు బిల్లులు దాచాలి. గడువు తప్పితే, ఇంజను పోయిననాడు కంపెనీ క్లెయిము తిరస్కరించవచ్చు.

గుమాస్తాగా నేను ఎన్నో సర్వీసు రిజిస్టర్లు రాశాను. ఎంట్రీ లేని సర్వీసుకు పెన్షను రాబట్టుకోవడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. లారీ సంగతీ అంతే. ఈ ఆదివారం మీ అబ్బాయిని ఆ పుస్తకం తెమ్మని అడగండి.