వీధిబడిలో పొద్దు పొడుపు

పాఠం చెప్పబోయే ముందు పిల్లవాడి మనస్సును దానివైపు మళ్ళించే ప్రయత్నాన్ని మన ఉపాధ్యాయ శిక్షణ గ్రంథాలు 'ఉన్ముఖీకరణ' అంటాయి. ఆ మాట కొత్తది కావచ్చును గాని, ఆ పని మాత్రం కొత్తది కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వీధి అరుగుల మీద సర్కారు బడులు రాకముందే అది జరిగేది. ఎలా జరిగేదన్నదే నాకు ఆసక్తి కలిగించిన విషయం.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని బడుల లెక్కలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. కడప జిల్లానుంచి వెళ్ళిన లెక్కలో 494 బడులున్నాయి. బడి లోపలి దినచర్యను కళ్ళకు కట్టినట్లు వ్రాసినవాడు మాత్రం పొరుగు జిల్లా బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్. ఆయన నివేదిక తేదీ 1823 ఆగస్టు 17. జమ్మలమడుగుకు ఆనుకొని ఉన్న తాడిపత్రి సీమ అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులు. ఒకే దత్తమండలంలోని ఇరుగుపొరుగు ఊళ్ళ అరుగులు ఒకదానికొకటి పెద్దగా తేడాగా ఉండి ఉంటాయని నేననుకోను.

బడి ఉదయం ఆరు గంటలకు మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాడి చేతిలో సున్న. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవాడికి రెండు, ఆపై వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి అదనం. తరువాత పిల్లలను వారి చదువునుబట్టి తరగతులుగా విడదీసేవారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. చిన్నవాళ్ళు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారు. పెన్న ఒడ్డునున్న జమ్మలమడుగుకూ, ప్రొద్దుటూరుకూ ఇసుకకేమి కొదువ!

పిల్లలచేత పిల్లలకు చెప్పించే ఈ పద్ధతి మద్రాసునుంచి సముద్రం దాటింది. ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో దీన్ని ప్రయోగించిన ఆండ్రూ బెల్ 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేయించాడు. ఇంగ్లండు బడులలో అది 'మద్రాసు పద్ధతి'గా పేరుకెక్కింది. అరచేతిలోని సరస్వతి మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఈ ఆచారాన్ని తలచుకొని మురిసిపోయేవారున్నారు. నేను పూర్తిగా మురిసిపోలేను. పొద్దున్నే లేచే అలవాటు, చదువును దైవంగా తలచే సంస్కారం అందులో ఉన్నమాట నిజమే. కాని ముప్ఫైమంది ఉన్న బడిలో ఒక్కడికే సరస్వతి, ఒక్కడికే సున్న. తక్కినవారందరికీ రోజు దెబ్బతోనే ఆరంభం. చివరివాడు సోమరియే కానక్కరలేదు. పశువులకు మేతవేసి వచ్చినవాడు కావచ్చును. సోమరులకు కోదండం, గుంజీలు వేరే ఉండనే ఉన్నాయి. ఇక ఆ వరుసలో చోటే దొరకనివారి సంగతి? బళ్ళారి బడులలోని 6,641 మందిలో ఆడపిల్లలు అరవైమంది మాత్రమే.

అలాగని తప్పంతా అరుగుమీది అయ్యవారిపై మోపడం న్యాయం కాదు. ఆ 533 బడులలో ఒక్కదానికీ సర్కారు సాయం అందడం లేదని కాంప్‌బెల్ తానే సిగ్గుపడుతూ వ్రాశాడు. ఎవరి ఆసరా లేని అయ్యవారికి బెత్తం ఖర్చులేని సాధనం.

తరువాతి కాలంలో ఆరంభం తీరు మారింది. పైడిమర్రి వెంకటసుబ్బారావు 1962లో వ్రాసిన ప్రతిజ్ఞ దేశమంతటా ఉదయపు ప్రార్థనలో భాగమయింది. అందులో ముందువాడు, వెనుకవాడు లేరు. అందరిదీ ఒకే గొంతు. ఇటీవలి తెలుగు వాచకాలు బొమ్మతోనో, చిన్న ప్రశ్నతోనో పాఠం తలుపు తీస్తున్నాయి. ఇప్పుడు అయ్యవారు మొదట చేయవలసినది అడగడం, ఆపైన వినడం.

రెండువందల ఏళ్ళనాటి ఆ అరుగునుంచి మనం తెచ్చుకోదగినది ఒకటుంది: రోజు మొదట పిల్లవాడి చేతిని తాకి, నీవు వచ్చావని గుర్తించడం. అది మొదటివాడితో ఆగిపోకూడదు. ఆలస్యంగా వచ్చినవాడి అరచేతికే ఆ పేరు మరింత అవసరమని నా నమ్మకం.