చిన్నమెదడు, న్యూరల్ నెట్‌వర్క్ నియంత్రణ

యంత్రాన్ని నడిపే ఆదేశాలను అనుభవంతో దిద్దుకుంటూ పోయే కృత్రిమ నాడీజాలాన్ని న్యూరల్ నెట్‌వర్క్ నియంత్రణ వ్యవస్థ అంటారు. దీని వెనకున్న ముఖ్యమైన ఊహల్లో ఒకటి చిన్నమెదడు పరిశోధనలో పుట్టింది.

నేర్చుకునే నియంత్రణకూ, నేర్చుకోని దానికీ ఉన్న తేడా సోలాపూర్‌లోని నేతపేటల్లో కంటికి ఆనుతుంది. పేక తెగితే దానంతటదే ఆగిపోయే మరమగ్గం ఎన్నేళ్లు ఆడినా కొత్తగా ఏమీ నేర్చుకోదు. తెగిన పోగును ముడివేసే చెయ్యి నేర్చుకుంటుంది. కంటికి కనబడిన తప్పును చెయ్యి దిద్దుకోవడానికి సెకనులో పదోవంతుకు పైనే పడుతుంది. ఆలస్యంగా అందే ఆ కబురునే నమ్ముకుని వేగంగా కదిలితే చెయ్యి గురి దాటి అటూ ఇటూ ఊగుతుంది. అందుకే కదలిక ఫలితాన్ని మెదడు ముందే అంచనా కడుతుంది.

ఇలాంటి కదలికలను చిన్నమెదడు ఎలా నేర్చుకుంటుందో పరిశోధకులు డేవిడ్ మార్ 1969లో, జేమ్స్ ఆల్బస్ 1971లో విడివిడిగా ప్రతిపాదించారు. చిన్నమెదడులోని ఒక్కో పర్కింజీ కణానికి లక్షకు పైగా సన్నని సమాంతర తంతువుల కబుర్లు అందుతాయి. దానికి చుట్టుకుని పైకి పాకే తంతువు మాత్రం ఒక్కటే. ఆ ఒక్కటే గురువు. గురువు కబురుతో, సమాంతర తంతువులు పర్కింజీ కణాన్ని కలిసే సంధులు బలపడతాయని మార్, బలహీనపడతాయని ఆల్బస్ అన్నారు. 1982లో మసావో ఇటో బృందం చేసిన ప్రయోగాలు ఆల్బస్ మాటకు బలమిచ్చాయి. అప్పటికే, 1975లో, ఆల్బస్ ఆ ఊహతోనే రోబో చేతుల కోసం సీమాక్ అనే నియంత్రికను రూపొందించాడు. 1987లో మిత్సువో కవాటో, ఆయన సహచరులు తప్పును సరిచేసే ఆదేశాన్నే నాడీజాలానికి పాఠంగా మార్చారు.

మద్రాసులో పుట్టి, యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కుంపటి నరేంద్ర దారి వేరు. కణ్ణన్ పార్థసారథితో కలిసి 1990లో వెలువరించిన పత్రంలో ఆయన మెదడును అనుకరించబోలేదు. సరళరేఖకు లొంగని వ్యవస్థలను నాడీజాలాలతో గుర్తించి, అదుపు చేసే పద్ధతులను చూపారు. ఈ రంగాన్ని ఇంజనీరింగ్‌లో నిలబెట్టిన పత్రాల్లో దానిది ముందువరస. అందులో వాడిన, తప్పును వెనక్కి పంపి నాడీజాలాన్ని దిద్దే బ్యాక్‌ప్రొపగేషన్ పద్ధతి అదే రూపంలో మెదడులో జరుగుతుందనడానికి మాత్రం ఆధారం లేదు.

చిన్నమెదడు దెబ్బతిన్నవారు గ్లాసు అందుకోబోతే చెయ్యి గురి దాటుతుంది, దగ్గరికి వచ్చేకొద్దీ వణుకు పెరుగుతుంది. ఆలస్యపు కబురుతో నడిచే యంత్రం ఊగేదీ ఇలాగే.